ప్రేమ చల్లారుతున్న కాలంలో సంఘ పెద్దలకు ఒక బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన సంఘ కాపరులకు, పెద్దలకు, ఆదివారం నా పక్కన కూర్చునే సహోదరీ సహోదరులకు వందనాలు.

ముఖాముఖి చెప్పాల్సిన సంగతిని ఇలా అందరి ముందు ఎందుకు పెడుతున్నానని మీరు అడగవచ్చు. చెప్పే ధైర్యం రెండుసార్లు కూడగట్టుకున్నాను. రెండుసార్లూ ఆరాధన ముగిశాక మీ చుట్టూ జనం ఉన్నారు. నేను చేయి కలిపి, "మంచి వర్తమానం అందించారు అయ్యగారూ" అనేసి వచ్చేశాను. తర్వాత వేరే సంఘాలకు వెళ్లే స్నేహితులతో మాట్లాడితే, వారి మనసులోనూ ఇదే బరువు ఉందని తెలిసింది. అందుకే ఈ లేఖ.

కొన్ని నెలలుగా మనం మత్తయి సువార్త 24వ అధ్యాయం ధ్యానిస్తున్నాం. యుద్ధాలు, యుద్ధ సమాచారాలు, కరవులు, భూకంపాలు. ఒక్కో వచనానికి ఒక్కో వార్తను జోడించి తెర మీద చూపించారు. ప్రసంగం అయ్యాక బయట నిలబడి అందరం తలలు ఊపాం: "అంతా వాక్యంలో ఉన్నట్టే జరుగుతోంది." ఆ మాటలో నాకు భయం వినిపించలేదు, దుఃఖం అంతకన్నా వినిపించలేదు. లెక్క సరిపోయినవాడి తృప్తి వినిపించింది. ఆ తలలు ఊపినవారిలో నేనూ ఉన్నాను.

ఇన్ని వారాల్లో ఒక్క వచనం దగ్గర మాత్రం మనం ఆగలేదు. పన్నెండో వచనం: "అక్రమము విస్తరించుటచేత అనేకుల ప్రేమ చల్లారును." దానికి తెర మీద చూపించడానికి బొమ్మ దొరకలేదేమో.

ఆ ప్రసంగాలు సాగుతున్న వారాల్లోనే మన మధ్య నుంచి ఒకాయన కనిపించకుండా పోయారు. పేరు రాయను. ఉద్యోగం పోయింది, ఆ వెనకే ఇంట్లో జబ్బు. ఆయన కూర్చునే చోటు నాకు రెండు వరుసల ముందే. మొదటి వారం ఏదో ప్రయాణంలో ఉన్నారనుకున్నాను. మూడో వారం, ఎవరైనా కనుక్కునే ఉంటారులే అనుకున్నాను. ఆరో వారానికి ఆ చోట ఇంకొకరు కూర్చున్నారు, నాకు తేడా కూడా తెలియలేదు. మూడు నెలల తర్వాత దారిలో ఎదురుపడితే ఆయనే ముందు పలకరించి, "మీరంతా బాగున్నారా?" అని అడిగారు. నేను ఏమన్నానో తెలుసా? "మీ కోసం ప్రార్థన చేస్తున్నాం" అన్నాను. చేయలేదు. ఆ మూడు నెలల్లో ప్రపంచంలో ఏ మూల భూమి కంపించినా నా ఫోనులో తెలిసింది. రెండు వరుసల ముందు కంపించినది తెలియలేదు.

"చల్లారును" అన్న మాట నన్ను అప్పటినుంచి వదలలేదు. మంట ఆరిపోతే పొగ వస్తుంది, ఎవరో ఒకరు చూసి పరుగెత్తుకొస్తారు. చల్లారడానికి అలాంటి గుర్తు ఏదీ ఉండదు. గిన్నెను పట్టించుకోకుండా వదిలేస్తే చాలు, దానంతట అదే చల్లారుతుంది. ప్రభువు చెప్పిన కారణాన్ని కూడా చూడండి: అక్రమం విస్తరించడం. చెడు ఎక్కువైతే మంచివాళ్ల కోపం పెరగాలి కదా, ప్రేమ ఎందుకు తగ్గాలి? చూసి చూసి అలవాటుపడతాం కాబట్టి. ఎక్కడో యుద్ధం మొదలైన వారం మన ప్రార్థన విన్నపాల్లో అది మొదటి అంశం. నెల తిరిగేసరికి "లోక శాంతి కొరకు" అన్న ఒక పంక్తిలో ఇమిడిపోతుంది. యుద్ధం మాత్రం ఇమడదు, అది సాగుతూనే ఉంటుంది.

ఇంకొక సంగతి. ప్రభువు ఒలీవల కొండ మీద ఈ మాటలు చెబుతున్నప్పుడు 24 తర్వాత 25 అని అధ్యాయం మార్చలేదు. బైబిలును ఇప్పుడున్న అధ్యాయాలుగా విడదీసింది 13వ శతాబ్దంలో. అది ఒకే బోధ. "ఇవి ఎప్పుడు జరుగును?" అన్న శిష్యుల ప్రశ్నతో మొదలై, బుద్ధిగల కన్యకలు, తలాంతులు దాటి, ఆకలిగొన్నవాడి దగ్గర, దప్పిగొన్నవాడి దగ్గర, పరదేశి దగ్గర, చెరసాలలో ఉన్నవాడి దగ్గర ముగుస్తుంది. ఎప్పుడు అని అడిగినవారికి ఎవరిని చూశారు అన్న ప్రశ్న ఎదురైంది. మన ధ్యానం మాత్రం సూచనల దగ్గర ఆగింది. వచ్చే వారం నుంచి వేరే అంశం మొదలవుతుందని ప్రకటన కూడా వచ్చింది. అయ్యగారూ, నా మొదటి విన్నపం ఇదే: ఆ బోధను దాని చివరి వరకూ తీసుకువెళ్లండి. "మిక్కిలి అల్పులైన యీ నా సహోదరులలో ఒకనికి" అన్న మాట వరకూ.

అంత్యదినాల గురించి మాట్లాడవద్దని నేను అనడం లేదు. ఆయన రాకడ మన నిరీక్షణ. కానీ ఆ నిరీక్షణ చేతులు కట్టేయగలదని పౌలుకు కూడా తెలుసు. థెస్సలొనీకయుల సంఘంలో ప్రభువు దినం వచ్చేసిందన్న కలవరం పుట్టింది. కొందరు పని మానేసి పరుల జోలికి పోతూ తిరుగుతున్నారు. ఆయన వారికి కొత్త కాలపట్టిక రాసి పంపలేదు. నెమ్మదిగా పని చేసుకోమని చెప్పి, మిగిలినవారితో "మేలుచేయుటలో విసుకవద్దు" అన్నారు. విసుగు అన్న మాట వాడారంటే, మేలు చేయడంలో విసుగు వస్తుందని ఒప్పుకున్నట్టే. ఆ నిజాయితీ నాకు ఓదార్పు.

"పూర్ణహృదయముతో" అన్న మాటను కూడా మనం కొంచెం పాడుచేసుకున్నామనిపిస్తుంది. పూర్ణహృదయం అంటే మనకు గుర్తొచ్చేది ఎత్తిన చేతులు, పెరిగిన స్వరం, రాత్రంతా ప్రార్థన. ఇవి తప్పని కాదు, నాకూ ఇష్టమే. కానీ హృదయం మొత్తం అంటే అందులో సోమవారం కూడా ఉండాలి. లెక్కల పుస్తకం ఉండాలి, పనివాళ్లతో మాట్లాడే తీరు ఉండాలి, మనకు నచ్చని జనం గురించి ఇంట్లో తలుపులు వేసుకుని అనుకునే మాటలు ఉండాలి. ఆదివారం మూడు గంటలు పూర్తిగా ఇచ్చి మిగిలిన వారమంతా మనకే అట్టిపెట్టుకుంటే, ఇచ్చినది హృదయంలో ఒక ముక్క.

ప్రకటన గ్రంథంలో లవొదికయ సంఘానికి రాసిన మాటలు మనకు కంఠతా వచ్చు. "నులివెచ్చనగా ఉన్నావు" అని మందలిస్తూ ఎన్ని ప్రసంగాలు విన్నామో. ఆ పట్టణం ఎక్కడుందో తెలిస్తే ఆ మాట ఇంకా గట్టిగా తగులుతుంది. దానికి ఒక పక్క హియెరాపొలి, వేడి నీటి ఊటలకు పేరు. మరో పక్క కొలొస్సయి, చల్లని నీటికి పేరు. వేడి నీరు ఒళ్లునొప్పులకు పనికొస్తుంది, చల్లని నీరు దాహానికి పనికొస్తుంది. లవొదికయకు నీరు కాలువల ద్వారా దూరం నుంచి రావాలి, వచ్చేసరికి అది అటూ ఇటూ కాకుండా ఉండేదని చాలామంది వ్యాఖ్యాతలు చెబుతారు. అలా చదివితే నులివెచ్చదనం ఉత్సాహం తగ్గడం ఒక్కటే కాదు, ఎవరికీ పనికిరాకుండా పోవడం. క్రీ.శ. 60లో భూకంపం ఆ పట్టణాన్ని కూల్చితే, రోము సాయం అడగకుండా సొంత డబ్బుతో తిరిగి కట్టుకున్నారని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. "నాకేమియు కొదువలేదు" అనుకునే సంఘం అలాంటి ఊళ్లోనే ఉండటంలో ఆశ్చర్యం లేదు. భూకంపాన్ని తట్టుకున్నవాళ్లు సౌకర్యాన్ని తట్టుకోలేకపోయారు.

చరిత్ర ఎందుకు తీస్తున్నానంటే, లోకం ఇప్పుడే కొత్తగా చెడిపోయినట్టు మాట్లాడుకుంటున్నాం కాబట్టి.

క్రీ.శ. 250 ప్రాంతంలో రోమా సామ్రాజ్యం మీద ఒకేసారి రెండు పడ్డాయి. డెసియస్ చక్రవర్తి అందరూ దేవతలకు బలులు అర్పించాలని ఆజ్ఞ వేశాడు, తలవంచని క్రైస్తవులు చెరసాలల పాలయ్యారు. దాని వెనకే పెద్ద తెగులు వచ్చిపడింది. ఈ చావులకు క్రైస్తవులే కారణమని జనం నిందించారు. ఇంతకన్నా మంచి సూచనలు ఎవరికి కావాలి? తలుపులు మూసుకుని రాకడ కోసం కనిపెట్టడానికి వారికి మనకంటే ఎక్కువ హక్కుంది. కార్తేజి బిషప్పు సిప్రియన్ తన సంఘాన్ని పోగుచేసి, మనవాళ్లకే చేస్తే గొప్పేముంది, మనల్ని హింసించినవాళ్లకూ చేద్దాం అన్నారు. డబ్బున్నవారు డబ్బుతో, లేనివారు ఒంటి కష్టంతో రోగుల దగ్గరికి వెళ్లారు. అలెగ్జాండ్రియాలో రోగులను సొంతవాళ్లే వీధుల్లోకి నెట్టేస్తుంటే, విశ్వాసులు వారిని ఎత్తుకుని సేవ చేసి తామూ చనిపోయారని అక్కడి బిషప్పు డయొనీసియస్ ఉత్తరంలో రాశారు. సిప్రియన్‌కు దొరికిన ప్రతిఫలం 258లో మరణశిక్ష. వందేళ్ల తర్వాత, క్రైస్తవ్యాన్ని వెనక్కి నెట్టి పాత దేవతల ఆరాధనను నిలబెట్టాలనుకున్న జూలియన్ చక్రవర్తి తన పూజారికి రాసిన ఉత్తరంలో వాపోయాడు: ఈ గలిలయులు (క్రైస్తవులను అతను అలాగే పిలిచేవాడు) వాళ్ల పేదలనే కాదు, మన పేదలను కూడా పోషిస్తున్నారని. మన గురించి మన విరోధులు ఇవాళ ఏమని వాపోతున్నారు? మన మైకుల చప్పుడు గురించా?

దీనికి రెండో వైపు కూడా ఉంది, దాన్ని దాచడం నాకు ఇష్టం లేదు. 1994లో రువాండా జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. మందిరాలు నిండేవి, పాటలు మారుమోగేవి. ఆ ఏడాది సుమారు వంద రోజుల్లో, అంచనాల ప్రకారం దాదాపు 8 లక్షల మందిని చంపేశారు. చంపినవారిలో బాప్తిస్మం పొందినవారు ఎందరో. ప్రాణాలు కాపాడుకోవడానికి మందిరాల్లో తలదాచుకున్నవారిని ఆ మందిరాల్లోనే నరికారు. న్యమాట, న్టరామా గ్రామాల్లోని ఆ కట్టడాలు ఇప్పుడు స్మారకాలు. హతుల బట్టలు బల్లల మీద అలాగే ఉన్నాయి. సంఘాలు లెక్కల్లో పెరగడం, హాజరు బాగుండటం ప్రేమ చల్లారలేదనడానికి రుజువు కాదని దీనికన్నా కఠినంగా ఎవరు చెప్పగలరు? ఏళ్ల తరబడి పక్క జాతి అయిన టుట్సీల మీద రేడియోలోనూ ఇళ్లలోనూ పలికిన మాటలు మందిరం గడప దాటి లోపలికి వస్తున్నప్పుడు ఎవరూ ఆపలేదు.

ఇక్కడ మన ఫోనుల సంగతి రాయక తప్పదు. ఒక జాతి గురించి, ఒక మతం గురించి, ఒక దేశం గురించి మన సంఘం గ్రూపులో వచ్చే సందేశాల్లో ఎన్ని నిజమో ఎవరూ చూడరు. "తప్పక పంచండి" అని చివర ఉంటే చాలు, పంచుతాం. ముందు ఒక వచనం, వెనక ఒక వచనం, మధ్యలో విషం. "నీ పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదు" అన్న ఆజ్ఞ నోటితో పలికేదానికే పరిమితమని, వేలితో నొక్కేదానికి వర్తించదని ఎవరైనా అనుకుంటున్నారా? పెద్దలారా, ఆ గ్రూపు మీ చేతిలో ఉంది. తెలియని సంగతి పంచవద్దని మీరు ఒక్కసారి గట్టిగా చెబితే సగం ఆగిపోతుంది. మీలో కొందరే పంచుతున్నారని కూడా గౌరవంతోనే రాస్తున్నాను.

మళ్లీ వెలుగు ఉన్న వైపుకు వస్తాను. 1940 జూన్‌లో ఫ్రాన్స్ నాజీలకు లొంగిపోయిన మరుసటి రోజు ఆదివారం. ల షాంబో అనే కొండ ఊరి కాపరి ఆంద్రే త్రోక్మే, తన తోటి కాపరితో కలిసి, ఆత్మ సంబంధమైన ఆయుధాలతో ఎదిరించడమే క్రైస్తవుల బాధ్యత అని ప్రకటించారు. ప్రసంగంగా చూస్తే మామూలు ప్రసంగమే. కానీ ఆ శీతకాలంలో ఒక యూదు స్త్రీ మంచులో వచ్చి తలుపు తడితే, ఆయన భార్య మగ్దా లోపలికి రమ్మన్నారు. ఆ తర్వాత నాలుగేళ్ల పాటు ఆ ప్రాంతంలోని రైతులు, బడి పంతుళ్లు, ముసలివాళ్లు వేలమందిని ఇళ్లలో దాచారు. 1943లో త్రోక్మేను పట్టుకెళ్లారు. ప్రభుత్వానికి విధేయంగా ఉంటానని సంతకం పెడితే వదిలేస్తామంటే పెట్టలేదు. 1990లో నాజీల చేతిలో హతమైన యూదుల స్మారక సంస్థ, ఇజ్రాయెల్‌లోని యాద్ వషేమ్, ఆ ప్రాంత ప్రజలందరినీ కలిపి గౌరవించింది. నాకు ఇందులో నచ్చేది ఆ తలుపు. ప్రసంగానికీ తలుపుకూ మధ్య దూరం అక్కడ చాలా తక్కువ.

"మన పని సువార్త చెప్పడం, సేవా సంస్థలు నడపడం కాదు" అని మీలో ఒకరు ఒక కూడికలో అన్నారు. ఆ భయం నాకు అర్థమవుతుంది. అన్నం పెట్టి ఆత్మను మరచిపోయిన సంఘాలూ ఉన్నాయి. కానీ యాకోబు పత్రికలో బట్టలు లేనివాడితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెప్పి పంపేవాడు మంచి మాటలే చెప్పాడు. ఆశీర్వచనంలా కూడా ఉంటుంది. నేను దారిలో ఆ సహోదరుడితో అన్నది సరిగ్గా అదే. వాక్యాన్నీ అన్నాన్నీ విడదీసింది మనమే.

ఇంకొకరు ఇంకో మాట అంటారు, అది మరింత నిజమైనది: "మేం అలసిపోయాం." ఔను. మన సంఘంలో పదిమంది చేసేదే అంతా. ఆసుపత్రికి వెళ్లేది వాళ్లే, కుర్చీలు వేసేదీ వాళ్లే, మాట పడేదీ వాళ్లే. అలసటను అవిశ్వాసమని పిలవవద్దని కాపరులను వేడుకుంటున్నాను. కర్మెలు పర్వతం మీద అగ్ని దిగిన మరుసటి రోజుల్లోనే ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని చావు కోరుకున్నాడు. దేవుడు మొదట మందలించలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టించాడు, నీళ్లు పెట్టించాడు, మళ్లీ నిద్రపోనిచ్చాడు. ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు. అలసినవారికి ఇంకో ఉపవాస కూడిక ప్రకటించేముందు ఆ వరస ఒకసారి చదువుదాం. అలాగే ఆ పదిమందిని ఇరవై చేయడం ఎలాగో మిగిలిన మేమంతా సిగ్గుపడి ఆలోచించాలి.

మరొకటి అడగాలని ఉంది, కొంచెం వింతగా అనిపించవచ్చు. ఆరాధనలో ఏడవడానికి కొంత చోటు ఇవ్వండి. సాక్ష్యాల సమయంలో గెలిచినవాళ్లే నిలబడతారు. స్వస్థత దొరికినవాళ్లు, ఉద్యోగం దొరికినవాళ్లు. దొరకనివాళ్లు ఎక్కడ నిలబడాలి? కీర్తనల గ్రంథంలో దాదాపు మూడో వంతు విలాపాలే. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, చివరన ఒక్క స్తోత్రం కూడా లేదు. అది పరిశుద్ధ గ్రంథంలో ఉండవచ్చుగానీ మన మందిరంలో పలకకూడదా? మన మధ్య నుంచి వెళ్లిపోయినవారిలో, ముఖ్యంగా యౌవనస్థుల్లో, సందేహాల వల్ల వెళ్లినవారి కంటే తమ బాధ ఇక్కడ ఇమడదని వెళ్లినవారే ఎక్కువని నా అనుభవం. యెరూషలేమును చూసి ప్రభువే ఏడ్చినప్పుడు, లోకం ఇలా ఉండగా మనం ప్రతి ఆదివారం నవ్వుతూ బయటికి రావాల్సిన అవసరం ఏముంది?

1945 అక్టోబరులో, యుద్ధం ముగిసిన అయిదు నెలలకు, జర్మనీ ప్రొటెస్టెంటు సంఘ నాయకులు స్టుట్‌గార్టులో ఒక ఒప్పుకోలు ప్రకటించారు. సంతకం చేసినవారిలో మార్టిన్ నీమొల్లర్ ఉన్నారు. హిట్లరును ఎదిరించి 1937 నుంచి 1945 వరకూ చెరలోనే ఉన్న మనిషి. ఆయనకు ఒప్పుకోవలసినదేముందని ఎవరైనా అనవచ్చు. కానీ ఆ ప్రకటనలో తమ మీద తామే మోపుకున్న నేరాలు ఇవి: ఇంకా ధైర్యంగా ఒప్పుకోలేదు, ఇంకా నమ్మకంగా ప్రార్థించలేదు, ఇంకా సంతోషంగా విశ్వసించలేదు, ఇంకా మండుతూ ప్రేమించలేదు. యూదుల పేరు అందులో లేదు, ఆ లోటు లోటే, దాన్ని ఎవరూ సమర్థించలేరు. అయినా ఆ నాలుగో మాట దగ్గర నేను ఆగిపోతాను. మండుతూ ప్రేమించలేదు. పన్నెండో వచనాన్ని తమ పేరు పెట్టి చదువుకున్నట్టుంది. వారు ఆ మాట చెప్పింది అంతా అయిపోయాక. మనకు ఇంకా కొంత సమయం ఉంది.

కాబట్టి పెద్దలను అడుగుతున్నాను. కానుకల్లో ఎంత మందిరం గోడల మీద, పరికరాల మీద పోతోందో, ఎంత గోడల బయటికి వెళుతోందో సంవత్సరానికి ఒకసారి సంఘం ముందు చదవండి. నిందించడానికి కాదు, మాకే తెలియాలి. వరసగా రెండు ఆదివారాలు రానివారి ఇంటికి ఎవరో ఒకరు వెళ్లే ఏర్పాటు చేయండి, హాజరు అడగడానికి కాకుండా మనిషిని అడగడానికి. వెళ్లేవారి పట్టికలో మొదటి పేరు నాది రాయండి. ప్రార్థన విన్నపాల్లో "లోక శాంతి" బదులు ఒక ఊరి పేరు, ఒక జనం పేరు చెప్పండి, వారిలో మనకు నచ్చనివారు కూడా ఉండాలి.

"నీవు లోకములోనుండి వారిని తీసికొనిపొమ్మని నేను ప్రార్థించుటలేదు" అని తండ్రితో చెప్పిన ప్రభువు మనల్ని ఇక్కడే ఉంచారు, ఈ కలత చెందిన లోకంలోనే. ఆ ప్రార్థనకు విరుద్ధంగా మనం ప్రార్థిస్తున్నామేమోనని కొన్నిసార్లు అనిపిస్తుంది.

ఆ సహోదరుడితో నిన్న ఫోనులో మాట్లాడాను. చెప్పిన అబద్ధం ఒప్పుకున్నాను. కొంతసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "రండి, ఇంట్లోనే ఉంటాను" అన్నారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక వెళుతున్నాను. ఆయన భార్య ఇంకా మంచం మీదే ఉన్నారు, కాబట్టి ఎక్కువమందిమి వద్దు, ముగ్గురు నలుగురం చాలు. పాటలూ ప్రసంగమూ ఏవీ అనుకోలేదు. మీలో ఎవరైనా వస్తానంటే గేటు దగ్గర ఆగుతాను.

ప్రభువునందు మీ,
వెనక వరసలో కూర్చునే ఒక విశ్వాసి